తూము రాతి మీద మూడక్షరాలు

అనగనగా ఒక అడవిలో 'నాకు తెలీదు' అనే మాట ఎవరి నోటా వచ్చేది కాదర్రా. అంత గొప్పవాళ్లు మరి!

ఆ అడవిలో ఒక చెరువు. గట్టు కింద బొరియల్లో బోలెడు జంతువులు. చెరువు నిండితే నీళ్లు వదలడానికి ఒక తూము. దాన్ని తప్పుగా తిప్పితే గట్టే తెగుతుంది. ఎలా తిప్పాలో రాళ్ల మీద చెక్కిన ఘనుడు నక్క విశారదుడు. తూము రాతి మీద ఏం చెక్కాడో తెలుసా? 'వాన ముదిరితే గ.పొ.తి.' అంతే. పూర్తిగా రాస్తే పాండిత్యం అరిగిపోతుంది కాబోలు!

ఆ ఏడు వాన ముదిరింది. నీళ్లు గట్టు అంచుకొచ్చాయి. ముంగిస నూకాలుకి ఆ గట్టు కిందే కాపురం, బొరియలో కళ్లు తెరవని పిల్లలు. పరుగున పోయి ఆ రాతకి అర్థమేమిటని గుడ్లగూబను అడిగింది. గట్టు పొడుగునా తిరగమని అర్థమంది గుడ్లగూబ. నీళ్లు ముంచుకొస్తుంటే షికారట! ఎలుగుబంటి గడ్డి పొరలు తియ్యమంది. కొంగేమో అది అందరికీ తెలిసిందేగా అని మొహం తిప్పుకుంది. తెలిస్తే కదా చెప్పడానికి, దాని మొహం!

చివరికి నక్క దగ్గరికే వెళ్లింది నూకాలు.

"మొదటి రాతి మీద పూర్తిగా రాశాను. ఒకసారి రాశాక మళ్లీ రాయడం మా పద్ధతి కాదు" అన్నాడు విశారదుడు.

"ఆ రాయెక్కడుందయ్యా?"

"చెరువు అడుగున."

"రాసింది నువ్వేగా బాబూ. నోటితో చెప్పు, నా పిల్లలు పోతారు."

నక్క తల గోక్కున్నాడు. "పండితులు గుర్తుపెట్టుకోరు, చూసి చెబుతారు."

నూకాలుకి ఒళ్లు మండిపోయింది. పిల్లల్ని ఒక్కొక్కర్నే నోట కరుచుకుని గుట్ట మీదికి చేర్చింది. ఆ రాత అర్థం రాసినవాడికే తెలీదు, లేచి రండి అని దారిపొడుగునా అందరికీ చెప్పింది. కుందేళ్లూ ఉడతలూ వెంట నడిచాయి. ఎలుగుబంటి మాత్రం తన అర్థమే అర్థమని గడ్డి పీకుతూ కూర్చుంది. ఇంతలో గట్టు తెగింది. నక్క ఇల్లూ ఎలుగు గుహా కొట్టుకుపోయాయి. వాళ్లిద్దరూ చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గుట్టెక్కారు.

చెరువు ఖాళీ అయ్యాక అడుగున మొదటి రాయి బయటపడింది. అందరూ పరిగెత్తి చూశారు. దాని మీద ఇలా ఉంది: 'గ.పొ.తి. అర్థానికి తూము రాయి చూడుడు.'

ఇల్లు పోయి, తోక తడిసి, ఆ బురదలో నిలబడి విశారదుడు ఏమన్నాడో తెలుసా?

"చూశారా, రాశానని చెప్పలా!"

నీతి: చదివేవాడికి అర్థం కాని రాత పాండిత్యం కాదు, ఒళ్లు బద్ధకం. దానికి తెలిసినట్టు తలూపేవాడు అంతకంటే పెద్ద మూర్ఖుడు.