వీపున్న కత్తి

అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టండర్రా! మీరు ఊఁ కొట్టకపోతే నా కథ ముందుకు నడవదు, ముందే చెప్తున్నా. ఆఁ, అలాగ. అనగనగా ఒక రాజు, ఆయన పేరు గజసేన మహారాజు. ఆయన రాణి పద్మగంధి. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. పెద్దోడు, నడిపోడు, కడగొట్టోడు. పెద్దవాళ్ళిద్దరి పేర్లూ మనకు అక్కర్లేదు గానీ కడగొట్టోడి పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి. విజయకేతు.

ఇప్పుడు ఫోను లేని చెయ్యి ఉందా? ఆ రోజుల్లో కత్తి లేని నడుం అలాగే ఉండేది కాదు. అయితే అందరిదీ ఒకటే కత్తి కాదు. రాజులూ మంత్రులూ సేనాపతులూ రెండంచుల కత్తి కట్టేవాళ్ళు. అటూ పదునే, ఇటూ పదునే, పిడికి బంగారం. కోట కాసే తలార్లు, పడవలు నడిపేవాళ్ళు, గొర్రెలకాపర్లు, సరుకు బళ్ళ వెంట కాపలా పోయేవాళ్ళు, వీళ్ళందరిదీ ఒంటంచు కత్తి. ఒక పక్కే పదును. రెండో పక్క వేలు మందాన మొద్దుగా ఉంటుంది. ఆ మొద్దు పక్కని కత్తి వీపు అనేవాళ్ళు. వీపు మీద అరచెయ్యి పెట్టి నొక్కితే గుమ్మడికాయ చీలేది, వీపుతో ఒక్కటిస్తే కొబ్బరికాయ పగిలేది. మా తాత నడుముకి అలాంటిదే వేలాడుతుండేది. దాని ఒర తోలు వాసన, దానికి రాసిన ఆముదం వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉన్నాయి. ఏం రోజులవి! ఏం మనుషులు! సరే, నా గోల మీకెందుకు.

ఆ పద్మగంధి రాణి ఉందే, ఆవిడ ఇంట్లో ఇరవైమంది దాసీలున్నా పిల్లల్ని అన్నానికి తనే పిలుచుకునేది. పొద్దు వాలేసరికి కోటగోడ ఎక్కి, "నాయనల్లారా! అన్నం చల్లారిపోతోంది, రండిరా!" అని కేకేసేది. ఆ గొంతు ఎంత తియ్యగా ఉండేదంటే, పొలాల్లో ఉన్నవాళ్ళు కూడా తమ అమ్మే పిలిచిందనుకుని లేచి ఇళ్ళకు పోయేవాళ్ళు.

ఒకరోజు సాయంత్రం ధూమకంఠుడనే మాంత్రికుడు ఆకాశంలో పోతూ ఆ పిలుపు విన్నాడు. వాడిది ఏడు సముద్రాల అవతల దీవి. వాడికి మంత్రాలున్నాయి, మేడలున్నాయి, నేలమాళిగల నిండా మణులున్నాయి. అన్నానికి రారా అని పిలిచే దిక్కు మాత్రం పుట్టి బుద్ధెరిగాక లేదు. ఆ పిలుపు తనకే కావాలనుకున్నాడు. గుప్పెడు బూడిద తీసి కోటగోడ మీదికి ఊదాడు. అంతే! రాణి నోరు తెరిచింది, మాట లేదు. గొంతుని మూట కట్టుకుపోయినట్టు పట్టుకుపోయాడు, వాడి చేతులు పడిపోను!

ఆ రోజు నుంచీ కోట బోసిపోయింది. పిల్లలు ఎప్పుడు తిన్నారో, ఎప్పుడు పడుకున్నారో అడిగే గొంతే లేదు. రాజు ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ పెదవుల వంకే చూసేవాడు. ఆవిడ చేతులతో ఏదో చెప్పేది, ఆయన తల ఊపేవాడు, తర్వాత ఇద్దరూ చెరో పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

కడగొట్టోడు అప్పటికి మరీ పసివాడు. కోట తలారి పోలయ్య వాణ్ణి భుజాన వేసుకుని తిప్పేవాడు. తిప్పుతూ తిప్పుతూ ఒక మాట చెప్పేవాడు.

"చిన్నదొరా, ఒంటంచు కత్తి కట్టినోడికి ఒక కట్టుబాటుంది. మొదటి దెబ్బ వీపుతోనే వెయ్యాల. దొంగైనా సరే, దొరైనా సరే. వీపు దెబ్బకే బుద్ధొచ్చేస్తే ఇంక పదునుతో పనేముంది చెప్పు?"

ఆ మాట వాడి ఒంట్లో ఇంకిపోయింది. కత్తి కట్టే వయసొచ్చాక, "నాకు పోలయ్య కట్టేలాంటి కత్తే కావాలి" అని మంకుపట్టు పట్టాడు. అన్నలిద్దరూ పకపకా నవ్వారు. "రాజు కడుపున పుట్టి తలారి కత్తి కడతావట్రా! నలుగురూ నవ్విపోతారు!" అన్నారు. వాడు నవ్వేసి ఊరుకున్నాడు. ఆ కత్తే కట్టాడు.

అలా ఏళ్ళు గడిచాయి. ఒకనాడు ఎరుక చెప్పే ఆవిడ ఒకతె కోటకొచ్చి రాణి చెయ్యి చూసింది. "తల్లీ, నీ గొంతు పోలేదు. ఏడు సముద్రాల అవతల ఒక చిలక గొంతులో ఉంది. ఆ మాంత్రికుడి ప్రాణం కూడా ఆ చిలకలోనే ఉంది" అని చెప్పి వెళ్ళిపోయింది.

పెద్దోడు రెండంచుల కత్తి కట్టి, అడవీ కొండా దాటి రేవుకి పోయి, ఓడెక్కి వెళ్ళాడు. రాలేదు. నడిపోడు రెండంచుల కత్తి కట్టి, అదే దారిన పోయి, ఓడెక్కి వెళ్ళాడు. వాడూ రాలేదు. విజయకేతు నేనూ పోతానంటే రాజు భోరుమన్నాడు. "ఉన్న ఒక్కడివీ పోతే మేం ఎవర్ని చూసుకుని బతకాలిరా! ఓడ ఇవ్వను, పో!" అన్నాడు. రాణి ఏమీ అనలేదు. ఏమంటుంది పాపం! లేచి వచ్చి, కొడుకు నడుముకి కత్తి తనే కట్టింది. నొసట ముద్దుపెట్టుకుంది. ఓడ లేకపోతే కాళ్ళున్నాయిగా అని వాడు బయల్దేరాడు.

పోతున్నాడు, పోతున్నాడు, పోతున్నాడు. అడవిలో ఒక ముంగిస ఏడుస్తోంది. చీలిన దుంగ మధ్య దాని తోక ఇరుక్కుపోయింది.

"మీ అన్నలూ ఇటే పోయారు. ఈ పనికా మా కత్తి దూసేది అన్నారు" అంది ముంగిస.

విజయకేతు కత్తి పదును చీలికలో పెట్టి, వీపు మీద రాయితో దబదబా నాలుగు బాదాడు. దుంగ విచ్చుకుంది, తోక బయటికొచ్చింది. "నేనూ నీ వెంట వస్తా" అని ముంగిస వాడి భుజమెక్కింది.

పోతున్నాడు, పోతున్నాడు, పోతున్నాడు. కొండ మీద ఒక గద్ద ఏడుస్తోంది. దాని పిల్ల ముళ్ళతీగల్లో చిక్కుకుంది.

"మీ అన్నలూ ఇటే పోయారు. ఈ పనికా మా కత్తి దూసేది అన్నారు" అంది గద్ద.

విజయకేతు కత్తి వీపుని పిల్ల ఒంటికి ఆనించి, పదును బయటికి పెట్టి, తీగలు ఒక్కొక్కటే కోశాడు. పిల్లకి ఒక్క ఈక కూడా ఊడలేదు. "నేనూ నీ వెంట వస్తా" అని గద్ద వాడి తలపైన ఎగరసాగింది.

పోతున్నాడు, పోతున్నాడు, పోతున్నాడు. సముద్రం ఒడ్డున పడవంత తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. ఆఁ, మీకు తెలిసిపోయిందే! అదీ అదే మాట అంది. విజయకేతు కత్తి వీపుని దాని కింద దూర్చి ఎత్తి పట్టాడు, తాబేలు బోర్లా పడింది. "ఎక్కు నాయనా, ఏడు సముద్రాలూ దాటిస్తా" అంది.

ఇంకేం! గద్ద దారి చూపించింది, తాబేలు ఈదింది. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రంలో తాబేలు రెండు గుక్కలు మింగి కాస్త అటూ ఇటూ తూలింది. నవ్వకండర్రా, ఒళ్ళు నొప్పులు దానికి! నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ళు, అన్నీ దాటి దీవి చేరారు. మాంత్రికుడి మేడ గుమ్మానికి రెండు నల్లతాచులు కాపలా ఉన్నాయి. వాటి సంగతి ముంగిస చూసుకుంది.

లోపల ఒక రాజకుమార్తె పొయ్యి ముందు కూర్చుని పొగకి కళ్ళు నులుముకుంటోంది. పేరు మందారవల్లి.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు విజయకేతు.

"కుంతల దేశపు రాజు కూతుర్ని. వీడికి అన్నానికి పిలిచే గొంతు దొరికింది గానీ వండిపెట్టే చెయ్యి లేకపోయింది. అందుకని నన్నెత్తుకొచ్చాడు. ఇంతకీ నువ్వెందుకొచ్చావు? పో, ఎక్కడివాడివక్కడికి పో! అవి చూడు."

పెరట్లో రెండు రాతిబొమ్మలు. ఒకటి పెద్దోడు, ఒకటి నడిపోడు.

"వాళ్ళు చిలక మీద కత్తెత్తారు. చిలక అమ్మ గొంతుతో పిలిచింది. చెయ్యాడక కత్తి దించేశారు. దాని మీద ఎత్తిన కత్తి దెబ్బ వెయ్యకుండా దించితే రాయైపోతారు, అదీ వీడి మంత్రం. కత్తి వేస్తేనో, వీడి ప్రాణంతో పాటు ఆ గొంతూ పోతుంది. ఎత్తుకుపోదామంటే, వీడు బతికున్నంతకాలం ఆ చిలక ఈ గడప దాటదు. పొద్దు వాలాక వాడొచ్చాడంటే నీకు పారిపోయే దారి కూడా ఉండదు" అంది మందారవల్లి.

విజయకేతు ఆలోచించాడు, ఆలోచించాడు. ఏమీ తోచలేదు. వాడు చస్తే అన్నలైనా లేస్తారు, అమ్మ దగ్గరికి వట్టి చేతులతో పోలేను అనుకున్నాడు. లోపలికి నడిచాడు.

చిలక పంజరంలో జామపండు కొరుక్కుంటోంది. విజయకేతు పంజరం తలుపు తీసి కత్తెత్తాడు. చిలక తల పక్కకి తిప్పి చూసి, "నాయనా! అన్నం చల్లారిపోతోంది, రారా!" అంది.

అమ్మ గొంతు! పసితనంలో విన్న గొంతు, ఎలా ఉంటుందో కూడా మర్చిపోయానని దిగులుపడిన గొంతు! వాడి కళ్ళు జలజలా కారిపోయాయి. ఎత్తిన చెయ్యి పైనే ఉండిపోయింది. వేస్తే అమ్మ గొంతు పోతుంది. దించితే తను రాయైపోతాడు.

అప్పుడే చిలకకి పొలమారింది. అక్కడ కోటలో గజసేన మహారాజు ఆ గొంతుని తలుచుకున్నాడో ఏమో మరి! జామపండు ముక్క అడ్డంపడి, ఉక్కిరిబిక్కిరై, రెక్కలు టపటపా కొట్టుకుంటోంది. మీకు పొలమారితే నేనేం చేస్తాను? నెత్తి మీద తడతాను కదా? విజయకేతూ అదే చేశాడు. వాడేం ఆలోచించలేదు. మొదటి దెబ్బ వీపుతో వేసే అలవాటు కదా, మణికట్టు దానంతటదే తిరిగింది. కత్తి వీపుతో చిలక నెత్తిన మెల్లిగా తట్టి, "చిరంజీవ చిరంజీవ! ఎవరో తలుచుకుంటున్నారమ్మా" అన్నాడు.

ఎత్తిన కత్తి పడింది. పడాల్సిన దెబ్బ పడింది. వాడు రాయి కాలేదు, చిలక చావలేదు. అదే రెండంచుల కత్తయితే ఆ తట్టుడుకి చిలక తల రెండు చెక్కలయ్యేది.

చిలక ఖళ్ళున దగ్గింది. జామపండు ముక్క బయటపడింది, దానితో పాటు మిరియపు గింజంత నల్లపూస ఒకటి దొర్లి నేలన పడింది. "అదే వాడి ప్రాణం! వెయ్యి!" అని అరిచింది మందారవల్లి. విజయకేతు ఈసారి కత్తి పదునుతో ఒక్కటి వేశాడు. పూస రెండు ముక్కలైంది. ఇంటికి వస్తూ వస్తూ ధూమకంఠుడు ఆకాశంలోనే పొగై చెదిరిపోయాడు. ఏమే, ముఖం అలా పెట్టావు? పాపం అనిపిస్తోందా? నాకూ అనిపిస్తుంది. అడిగి ఉంటే ఆ రాణి వాణ్ణి కూడా పిలిచి ఇంత ముద్ద పెట్టి ఉండేది. దొంగతనం చేశాడు, పోయాడు.

రాతిబొమ్మలు ఒళ్ళు విరుచుకుని లేచాయి. అన్నలిద్దరూ తమ్ముణ్ణి కావిలించుకుని, కత్తి గురించి ఆనాడు అన్న మాటలకి తలవంచుకున్నారు. అందరూ చిలకతో సహా తాబేలు మీదెక్కి, ఏడు సముద్రాలూ దాటి ఇల్లు చేరారు.

రాణి గుమ్మంలోనే కూర్చుని ఉంది. చిలక పోయి ఆవిడ అరచేతిలో వాలింది. ముక్కు ఆవిడ పెదవులకి ఆనించి, ఉస్సుమని ఊపిరి వదిలింది. ఆ తర్వాత అది మామూలు చిలకైపోయి, కీచుమంటూ ఎగిరిపోయింది. రాణి కడగొట్టోడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇన్నేళ్ళకు వచ్చిన మొదటి మాట ఏమిటనుకున్నారు? "ఇదేమిట్రా, బుగ్గలిలా లోపలికి పోయాయి! దారిలో ఏమైనా తిన్నావా లేదా?" అంది. ఆ చీవాట్లకి కోటంతా ఏడ్చింది.

మందారవల్లికీ విజయకేతుకీ పెళ్ళి చేశారు. అన్నలే పట్టుబట్టి తమ్ముడికి పట్టం కట్టించారు. పట్టాభిషేకం నాడు పురోహితుడు రెండంచుల కత్తి తెచ్చిస్తే, "దీన్ని గుళ్ళో పెట్టించండి, నాకిది చాలు" అని తన పాత కత్తే నడుముకి కట్టుకున్నాడు. వాడు ఏలినన్నాళ్ళూ ఆ రాజ్యంలో ముందు పదును చూపించినవాడు లేడు. మనవలూ మునిమనవలూ పుట్టేదాకా చల్లగా ఏలాడు.

అసలు మాట మరిచా. ఆ గొంతు చిలకలో ఉన్నన్నాళ్ళూ దానికి వయసు రాలేదర్రా. రాణికేమో తల ముగ్గుబుట్టైంది, ముఖాన ముడతలొచ్చాయి, పళ్ళూ రెండు ఊడాయి. గొంతు మాత్రం పెళ్ళినాటి పడుచుపిల్లదే. ముసలి రాజు కళ్ళు మూసుకుని వినేవాడు. ఆవిడ ఏం చెప్పినా, "ఏమన్నావూ? వినపళ్ళేదు" అనేవాడు. "చెవుడొచ్చిందా ఏమిటి మహారాజా!" అని విసుక్కుంటూ ఆవిడ మళ్ళీ చెప్పేది. చెవుడూ లేదు, గివుడూ లేదు. పక్కగదిలో గింజ రాలినా ఆయనకు వినపడేది. బతికినన్నాళ్ళూ ఆయన ఆవిడ చేత ప్రతి మాటా రెండేసిసార్లు చెప్పించుకున్నాడు.

కథేమో ఆ కోటలోనే ఉండిపోయింది. మనమేమో ఇక్కడున్నాం.