బొంగురు గంట

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే చిన్న ఊరు కాదు బంగారూ, చెవులు మూసుకున్నా చప్పుళ్ళు దూరిపోయే పేద్ద పట్నం. అక్కడ ఒక సందులో వకుళ అనే పిల్ల ఉండేది.

వాళ్ళ నాయనమ్మ రోజూ దీపాలవేళ పూజగంట మోగించేది. ఆ గంటకి చిన్న బీట. అందరి గంటలూ గణగణమంటే, అది ణక్కు ణక్కుమనేది.

"మార్చేద్దాం నాయనమ్మా! దీనికి జలుబు చేసింది," అనేది వకుళ.

"ఉండనీవే. మా అత్తగారు నా చేతిలో పెట్టిన గంట. దేవుడికి వినపడుతోందిలే," అనేది నాయనమ్మ.

ఒకనాటి సాయంత్రం పీచుమిఠాయి బండి వచ్చింది. దాని గంట ఎంత తియ్యగా మోగిందనీ! వకుళ దాని వెనకాలే నడిచింది. సందు దాటింది, బజారు దాటింది. ఆ తర్వాత బండి జనంలో కలిసిపోయింది. చుట్టూ చూస్తే అంతా కొత్త చోటు. ఏడుపొచ్చేసింది. ఇంటికెలా వెళ్ళాలి?

అప్పుడు కళ్ళు తుడుచుకుని చెవి ఒగ్గి వింది. దూరంగా డుగుడుగుమని పిండిమర. 'బడికెళ్ళేటప్పుడు వినేదేగా!' అనుకుని అటు నడిచింది. ఆ తర్వాత గలగలమని ఇరానీ హోటల్లో సాసర్లు. అటు నడిచింది.

అక్కడ దారి మూడు సందులుగా చీలింది. మూడూ ఒక్కలాగే ఉన్నాయి. అంతలో కరెంటు పోయింది. పిండిమర ఆగింది, రేడియోలు ఆగాయి. ఇక ఏ చప్పుడు పట్టుకుని నడవాలి?

ఇక్కడ ఇంటి దగ్గరేమో, వాళ్ళమ్మ పిల్లని వెతుక్కుంటూ వీధులు పట్టింది. నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు, అంత దూరం నడవలేదు. అప్పుడు పూజగంట తెచ్చి, గడపలో నిలబడి మోగించడం మొదలుపెట్టింది.

"ఇదేం చోద్యం పిన్నిగారూ! దేవుడు లోపలుంటే వీధికి గంట కొడతారా?" అంది పక్కింటి అనసూయ.

"దేవుడు ఎక్కణ్ణించి కొట్టినా వింటాడమ్మా. ఇది నా మనవరాలికి."

ణక్కు. ణక్కు. ణక్కు.

వకుళ చెవిన పడింది, మధ్య సందులోంచి! పట్నంలో ఎన్ని గంటలుంటేనేం, జలుబు చేసిన గంట ఒక్కటే. వకుళ ఒక్క పరుగున వచ్చి నాయనమ్మ నడుం చుట్టేసుకుంది.

అయినా నాయనమ్మ గంట ఆపలేదు. "మీ అమ్మ ఇంకా వీధుల్లోనే తిరుగుతోంది కదే," అంది.

"ఇలా ఇవ్వు, నేను కొడతా!" అని వకుళ గంట లాక్కుంది. ణక్కుణక్కుణక్కుణక్కు! ఆ తొందర ఎవరి చేతిదో అమ్మకి తెలియదూ? చెప్పులు జారిపోతున్నా ఆగకుండా పరిగెత్తుకొచ్చింది.

ఆ అమ్మని నేనే బంగారూ. ఆ పిల్ల మీ అమ్మ. అదిగో, వంటింట్లో గిన్నెలు సర్దుతోంది, విను. రేపు దీపాలవేళ ఆ గంట నీ చేత మోగిస్తా.

గంట గూటికి, పాప గడపకి,
కథ కంచికి, మన కళ్ళు నిద్రకి.