పంతొమ్మిది టిక్కులు

డాక్టర్ హిమజకు ఒక నోటుబుక్కు ఉండేది. పీజీ చదువుకని ఆ ఆసుపత్రిలో చేరిన ఏడాదిలోనే అది ఆమెకు ప్రాణమైపోయింది. మొదటి కాన్పు ఆపరేషన్‌తో అయినవాళ్లు రెండో కాన్పుకు వస్తే చాలు, వయసు, ఎత్తు, బరువు, అప్పుడెందుకు కోయాల్సొచ్చింది, అన్నీ ఫోన్‌లో లెక్కలు కట్టే యాప్‌లో కొట్టి, ఈసారి మామూలు కాన్పు అవుతుందో కాదో ముందే రాసుకునేది. రాసింది నిజమైతే పక్కన పెన్సిలుతో ఓ టిక్కు.

ఆ ఉదయం గౌరీశ్వరి నొప్పులతో వచ్చింది. మామూలు కాన్పుకు నూటికి ముప్పైనాలుగు పాళ్లే అవకాశమంది ఫోను.

"ఈమెను ఆపరేషన్‌కి పంపేద్దాం మేడమ్," అంది హిమజ, పెద్ద డాక్టరు వరహాలమ్మగారితో.

మంచం మీంచి గౌరీశ్వరి బతిమాలింది. "ఒకపాలి నన్ను కననీయండమ్మా. మొదటిదానికి కోసేసినాక మూడు నెల్లు బిందె ఎత్తనేకపోనాను."

వరహాలమ్మగారు పాత కాగితాలు చూశారు. కడుపు మీద చెయ్యి పెట్టి చూశారు. బిడ్డ గుండె విన్నారు. థియేటరు సిద్ధంగా ఉంచమని, రక్తం తెప్పించమని సిస్టరుకు చెప్పారు.

"చూద్దాం," అన్నారు.

హిమజకు చిన్నతనంగా అనిపించింది. నోటుబుక్కు తెరిచి ఆవిడ ముందు పెట్టింది.

"కాదని నేను రాసిన పంతొమ్మిదిమందికీ ఆపరేషనే అయింది మేడమ్. ఒక్కటీ తప్పలేదు."

ఆవిడ పేజీ అంతా ఓపిగ్గా చదివారు. సొరుగులోంచి రబ్బరు తీసి హిమజ కోటు జేబులో వేశారు. మంచం పక్కకు స్టూలు లాగారు.

"ఇక్కడ కూర్చో. ఏమాత్రం తేడా కనిపించినా నన్ను పిలువు."

హిమజ కూర్చుంది. నిజం చెప్పాలంటే, మొదటి రెండు గంటలూ తన లెక్కే గెలవాలని చూసింది. మూడో గంటలో నొప్పులు కాస్త మందగించాయి. బిడ్డ గుండె మాత్రం నిబ్బరంగా కొట్టుకుంటోంది. మళ్లీ లెక్క చూద్దామని, గౌరీశ్వరి పట్టుకున్న హిమజ చెయ్యి దానంతటదే ఫోన్ వైపు జారబోయింది.

"సెయ్యి వదలకండి డాట్రమ్మా," అంది గౌరీశ్వరి.

వదల్లేదు. నొప్పులు మళ్లీ అందుకున్నాయి. ఆ తర్వాత హిమజ లెక్క సంగతే మరిచిపోయింది. వరహాలమ్మగారు వచ్చి నిలబడ్డారు. మధ్యాహ్నం భోజనాల బండి వార్డులోకి వచ్చేసరికి ఆడపిల్ల పుట్టింది, మూడు కిలోల పిల్ల. దాని ఏడుపుకి అన్నం వడ్డించేవాళ్లు కూడా గరిటెలు ఆపి నవ్వారు.

చెమటతో తడిసిన మొహంతో గౌరీశ్వరి తలెత్తింది. "రాసుకోండి డాట్రమ్మా. నానే కన్నాను."

హిమజకు పట్టలేనంత సంతోషం వేసింది. కళ్లు తుడుచుకుని నోటుబుక్కు తెరిచింది.

చేతులు కడుక్కుంటూ వరహాలమ్మగారు అడిగారు. "ఆ పంతొమ్మిదిమందిలో ఎంతమందిని నొప్పులు పడనిచ్చావమ్మా?"

హిమజ పేజీ వైపు చూసింది. అందరినీ తనే థియేటరుకు పంపమంది.

జేబులోంచి రబ్బరు తీసింది. పంతొమ్మిది టిక్కులూ ఒక్కొక్కటే చెరిపేసి, స్టూలును పక్క మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది.