సుత్తి దెబ్బకూ దెబ్బకూ మధ్య

2014 ఫిబ్రవరి 22, శనివారం. తెల్లవారుజామున ఘట్‌కేసర్ వైపు నాలుగు చినుకులు రాలాయి. మామిడి పూత మీద ఈ రోజుల్లో చినుకు పడితే కాపు పోతుందని తోట కాపలాదారు దిగులుపడ్డాడు. పదింటికల్లా మబ్బు విడిపోయింది. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆకు కదలని ఎండ. ఆ తోట పక్క బీడులోనే రెండు రోజుల సంగీతోత్సవం. స్కా బ్యాండ్లూ పంక్ బ్యాండ్లూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి డేరాల్లో దిగాయి.

పంక్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గిటారు మీద వేళ్లకు మూడే పట్లు, బోలెడంత కోపం, రెండు నిమిషాల్లో పాట అయిపోతుంది. స్కా జమైకా దీవిలో పుట్టింది. దానికి ట్రంపెట్లూ ట్రాంబోన్లూ లాంటి ఇత్తడి బూరలు కావాలి. అందులో బరువంతా తాళం దెబ్బ మీద పడదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య పడుతుంది. అందుకే వినేవాళ్ల కాళ్లు ఊరుకోవు.

సికింద్రాబాదు నుంచి వచ్చిన "హాఫ్ టికెట్" అనే స్కా బ్యాండుకు ఏలీషా నాయకుడు. ఇరవై ఆరేళ్లవాడు, ట్రంపెట్ వాయిస్తాడు. అతనికి ఆ విద్య నేర్పినవాడు వారాసిగూడలో పెళ్లి బ్యాండు నడిపే నన్నేసాహెబు. ఆయన అసలు నరసరావుపేట మనిషి. వాయించే రోజు ఊరగాయ ముట్టడు, పెదవి మండుతుందని. పెళ్లివారు ఎంత బతిమాలినా పెరుగన్నం తిని లేచిపోతాడు. తొమ్మిదేళ్లు నేర్పాడు గానీ, శిష్యుడితో బాగుందని ఒక్కనాడూ అనలేదు.

ఈసారి అనిపించుకోవాలని ఏలీషా పంతం. సాయంత్రం ఏడింటికి తమ వంతని, నాలుగువేలమంది వస్తారని చెప్పి ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. తీరా వచ్చాక నిర్వాహకులు ఆ వంతును పేరున్న పంక్ బ్యాండుకిచ్చి, వీళ్లను రెండున్నరకు తోశారు. వంతు వదులుకున్నవాళ్లను మళ్లీ పిలవబోమని కూడా చెప్పారు. అంతకుముందే రెండుచోట్ల ఏలీషా ఇలాగే అలిగి, వాయించకుండా వచ్చేశాడు. మూడోసారి కూడా అదే జరిగితే డ్రమ్సు అటక మీద పడేసి మా బావ కొట్లో కూర్చుంటానని డ్రమ్మరు భూషణం చెప్పేశాడు. భూషణం పోతే బ్యాండు లేనట్టే.

రెండూ ఇరవైకి ఏలీషా స్టేజీ పక్క నుంచి తొంగిచూశాడు. మైదానంలో పదకొండుమంది ఉన్నారు. అందులో నలుగురు కానిస్టేబుళ్లు. ఎదురుగా సాయిలు అనే వడ్రంగి రెండో స్టేజీకి పలకలు బిగిస్తూ సుత్తితో కొడుతున్నాడు. ఆ చప్పుడు మైదానమంతా మోగుతోంది.

కాసేపు ఆపమని ఏలీషా మనిషిని పంపాడు. సాయంత్రానికి స్టేజీ లేవకపోతే తననే పలకకు దిగ్గొడతారని సాయిలు తిరిగి కబురు పెట్టాడు.

"ఎవరి కోసం వాయించాలి మాస్టారూ? పోలీసుల కోసమా?" అన్నాడు ఏలీషా. "ఆ సుత్తి ఆగదు, జనం రారు. మీ ముందు నవ్వులపాలు కావడానికా మిమ్మల్ని పిలుచుకొచ్చింది? నేను ఎక్కను."

గిటారు వాయించే నిరుపమ అతని వంక చూడకుండా తీగలు సరిచేసుకుంటోంది. భూషణం డ్రమ్ము పుల్లలు సంచిలో పెట్టి జిప్పు లాగాడు.

నన్నేసాహెబు మంచినీళ్లు అడిగి తాగాడు. శిష్యుడి చేతిలోని ట్రంపెట్ తీసుకుని, దాని మూతిని చొక్కా అంచుతో తుడిచి, మెల్లగా స్టేజీ ఎక్కాడు. మైకు దగ్గరికి పోలేదు. సుత్తి వైపు తిరిగి నిలబడ్డాడు.

ఠక్. ఆయన ఊదలేదు. ఠక్. ఊదలేదు. మూడో దెబ్బ పడ్డాక, నాలుగోది పడేలోపు, పొట్టిగా ఒక్క స్వరం ఊదాడు. మళ్లీ దెబ్బ. మళ్లీ ఆ సందులో ఒక్క స్వరం.

సాయిలు సుత్తి ఎత్తి అలాగే ఆగాడు. "ఏంది పెద్దాయనా, మజాకా?" అని అక్కణ్నుంచే అడిగాడు.

నన్నేసాహెబు ట్రంపెట్ దించి సలాం చేశాడు.

"నువ్వు కొట్టు నాయనా. మధ్యలో జాగా ఉంది, నేను సర్దుకుంటా."

కానిస్టేబుళ్లు నవ్వారు. సాయిలు కూడా నవ్వి ఇంకో మేకు అందుకున్నాడు. ఈసారి దెబ్బలు మరింత ఒద్దికగా పడ్డాయి.

నిరుపమ చెయ్యి దానంతటదే తీగల మీదికి పోయింది. ఆమె వాయించేదంతా ఆ సందులోదే మరి. భూషణం సంచి విప్పాడు. పది పన్నెండు దెబ్బలు అయ్యాక ముసలాయన దిగివచ్చి, ట్రంపెట్ శిష్యుడి చేతిలో పెట్టి, కానిస్టేబుళ్ల పక్కన పోయి కూర్చున్నాడు.

ఏలీషా నాలుగు దెబ్బలు విన్నాడు. స్టేజీ ఎక్కాడు.

మొదట, జుట్టుకు పచ్చరంగు వేసుకున్న పంక్ కుర్రకారు అన్నం పళ్లేలతో డేరాల్లోంచి బయటికొచ్చారు. పళ్లేలు గడ్డి మీద పెట్టి గెంతడం మొదలెట్టారు. వాళ్లను చూసి, అప్పుడే బస్సు దిగినవాళ్లు సామాన్లతో సహా ఇటు తిరిగారు. నలభై నిమిషాలు గడిచేసరికి మూడు వందలమంది దాకా చేరారు. నాలుగువేలు మాత్రం కాలేదు. సాయిలు దగ్గర మేకులు ఎప్పుడో అయిపోయాయి. అతను ఉత్త పలక మీదే కొడుతూ ఉన్నాడు.

ఏలీషా చెమటలు కారుతూ వచ్చి గురువు ముందు నిలబడ్డాడు. ఎలా ఉందని నోటితో అడగలేదు.

"ఆ సుత్తాయన చెయ్యి భలే చెయ్యి," అన్నాడు నన్నేసాహెబు.

ఏలీషా నవ్వేసి, సాయిలుకు మంచినీళ్లు పట్టుకెళ్లాడు.

నన్నేసాహెబు 2019 వానాకాలంలో పోయాడు. అప్పటికీ భూషణం బావగారి కొట్లో కూర్చోలేదు. నలభైరోజుల ఫాతెహా ప్రార్థన అయ్యాక, ఆయన రాయించిన వీలునామా కాగితం కూతురు మహబూబీ అందరిముందూ చదివింది. తన ట్రంపెట్, బ్యాండులో క్లారినెట్ ఊదే అంజయ్య కూతురికి. ఆ పిల్ల ఆరు నెలల కిందటే నేర్చుకోవడం మొదలెట్టింది. పెద్ద డ్రమ్ము, దాన్ని ముప్ఫైయేళ్లు మోసిన రాజలింగానికి. జరీ కోట్లు తొమ్మిదీ బ్యాండువాళ్లకు. స్కూటరు అల్లుడికి. ఇల్లు మహబూబీకి.

ఏలీషాకు ఏమీ లేదు. మహబూబీ కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసి, ఆ మాట చెప్పలేక చెప్పింది. "నేను సర్దుకుంటా," అన్నాడతను. పెద్ద డ్రమ్ముకు రాజలింగం ఒక పక్క పట్టుకుంటే, రెండో పక్క తను పట్టుకుని ఆటో దాకా మోశాడు.