పైడయ్య పూడ్చిన పెంకులు

సముద్రానికి కోసెడు దూరంలో, పెదమొగిలి అనే ఊళ్లో, తన ఊరి పక్షుల గురించి మంచి మాటే తప్ప నిజం మాట బయటికి పోనివ్వని పైడయ్య అనే మడుగు కాపలావాడు ఉండేవాడు.

ఏటా చలి మొదలయ్యేవేళకు గూడబాతులు వందల్లో వచ్చి మడుగు గట్టున చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి. అంత బరువైన పక్షి, గొంతు కింద సంచీ వేలాడేసుకుని, ఆ సన్నటి కొమ్మ చివర ఎలా నిలుస్తుందో ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే! ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలు అనేవారు. మొదటి పక్షి వాలిన రోజు ఆడవాళ్లు చెట్ల మొదళ్లకు పసుపు రాసేవారు. దీపావళికి ఒక్క టపాకాయ పేల్చేవారు కాదు. పిల్లలు బయటికొచ్చాక రాలిన పెంకుల్ని ఏరి దాచి, ఎవరింట్లో కోడలు కడుపుతో ఉంటే వాళ్ల గుమ్మానికి మూట కట్టేవారు. ఆ పెంకులన్నీ పైడయ్య ఇంట్లోనే ఒక కుండలో ఉండేవి.

ఒక యేడు గుడ్లు నిలవలేదు. తల్లి కూర్చుంటే చాలు, చిట్లిపోయేవి. తెల్లారేసరికి చెట్ల కింద సొన, పెంకుముక్కలు. ఊరు లేవకముందే పైడయ్య అవన్నీ గంపకెత్తి, దిబ్బ వెనక గొయ్యి తీసి పూడ్చేవాడు.

"ఎందుకలా దాస్తావు?" అంది భార్య సన్యాసమ్మ.

"పురిటింటి కీడు బయట సెప్పుకుంటారేటే? ఊరి పరువేటైపోవాల?" అన్నాడు పైడయ్య.

అలాంటప్పుడు ఆ ఊరికి మృణాళిని అనే అమ్మాయి వచ్చింది. అడవి పక్షుల ఒంట్లో పురుగుమందులు ఎంత చేరుతున్నాయో పరిశోధన చేసే పిల్ల.

"బాబాయ్, నాకు మంచి గుడ్లు వద్దు. పగిలినవీ, పాడైనవీ కావాలి" అంది పైడయ్యతో.

"ఇదేటి తల్లీ! అందరూ మంచివడుగుతారు, నువ్వు పాడైనవడుగుతున్నావు?"

"పొలాల్లో చల్లే మందు కాలవలోకి వస్తుంది. కాలవ నుంచి చేపల్లోకి, చేపల నుంచి వీటి ఒంట్లోకి చేరుతుంది. అప్పుడు గుడ్డు పెంకు పలచబడుతుంది. పరీక్షలో అది తేలితే అధికారులకు చూపించి ఆ మందు ఆపించగలను. నేను చెట్టెక్కితే తల్లులు బెదిరి లేచిపోతాయి. కింద రాలినవి నువ్వే ఏరిపెట్టాలి."

పైడయ్యకు ఊరి పరువే గుర్తొచ్చింది. పెదమొగిలి పక్షులు మందు పక్షులని పేరొస్తే? పక్కనున్న బొంతువలస వాళ్లు నవ్వరూ? మర్నాడు పొద్దున్న అతను కుండలోంచి రెండేళ్లనాటి గట్టి పెంకులు తీసి, కాస్త తడిమట్టి పూసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె తిప్పి తిప్పి చూసింది. "ఇవి పిల్లలు బయటికొచ్చిన పెంకుల్లా ఉన్నాయే. ఈ యేటివేనా బాబాయ్?"

"ఈ పొద్దున్న రాలినవే. నా ఆడపిల్లల మీద ఒట్టు!"

గుమ్మంలో సన్యాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మృణాళిని నమ్మింది. పక్షుల కోసం దీపావళి టపాకాయలు మానుకున్న ఊరి మాట ఎవరు మాత్రం నమ్మరు?

బొంతువలసలో కూడా కొన్ని గూళ్లుండేవి. అక్కడ ఒక ముసలమ్మ పగిలిన గుడ్లు గంపతో తెచ్చి, "సూడమ్మా, మా గతి" అని ఏడ్చింది. పరీక్షలో మందు బయటపడింది. అధికారులు వచ్చి అక్కడి పొలాల్లో ఆ మందు ఆపించారు. పెదమొగిలి పెంకులు మాత్రం గట్టిగా ఉన్నాయని తేలింది. ఇటువైపు ఎవరూ రాలేదు.

"సూసావా? మన పిట్టలకి ఏ జబ్బూ నేదంట!" అని పైడయ్య మీసం దువ్వాడు. రైతులు మునుపటికన్నా ధైర్యంగా మందు చల్లారు.

మరుసటి యేడు పక్షులు సగం గూళ్లే కట్టాయి. ఆ పై యేడు పట్టుమని పది. మూడో యేట ఒక్క తల్లి వచ్చి గట్టు మీద కూలిపోయింది. పైడయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని దోసిలితో నీళ్లు పోశాడు. నీళ్లు ఆ సంచీలోనే నిలిచిపోయాయి. అది మింగలేదు.

అప్పుడు అతను దిబ్బ వెనక తవ్వాడు. మట్టి అంటిన పెంకుముక్కల్ని గుడ్డలో కట్టుకుని పట్నం వెళ్లి మృణాళిని ముందు పోశాడు. జరిగిందంతా చెప్పాడు.

ఆమె ఒక ముక్క తీసి వెలుగుకు పట్టుకుంది. ఉల్లిపొరలా ఉంది.

"ఆనాడు వీటిలో ఒక్కటిచ్చినా సరిపోయేది బాబాయ్" అంది.

"ఇప్పుడు రాసుకో తల్లీ. అన్నీ రాసుకో."

"రాస్తాను. మందూ ఆపిస్తాను. వాటిని మాత్రం తిరిగి పిలవడం నాకు రాదు."

పైడయ్య ఇంటికొచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. సన్యాసమ్మ తిట్టలేదు. "కన్నకూతురికి జబ్బు సేస్తే వైద్యుడి కాడ దాసిన తండ్రిని నిన్నొక్కణ్ణే సూసాను" అంది మెల్లగా.

పెదమొగిలిలో మందు ఆగింది. మడుగు తేరుకుంది. చేపలు మళ్లీ తిరిగాయి. చలి మొదలవగానే పైడయ్య తానే వెళ్లి చెట్ల మొదళ్లకు పసుపు రాసేవాడు. గూడబాతులు బారులు తీరి ఆ చెట్ల మీదుగానే బొంతువలసకు వెళ్లిపోయేవి. అతను బతికున్నన్నాళ్లూ ఒక్కటీ దిగలేదు.

పిల్లలూ, జబ్బును దాచి నిలబెట్టుకున్న పరువు, మనం కాపాడవలసిన ప్రాణాన్నే తీసేస్తుంది.