సింహాసనంలో తుమ్మెద కాపురం

ఒకానొక కొండదేశాన్ని ఉద్దండభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు పేరు పిచ్చి. కొత్తగా తవ్వించిన బావికి ఆయన పేరే, కొత్తగా పుట్టిన ఏనుగు పిల్లకూ ఆయన పేరే.

ఆ రాజుకు మల్లోజు అనే వడ్రంగి గుమ్మడిటేకుతో సింహాసనం చేసిచ్చాడు. నెల తిరక్కుండానే, చెయ్యి ఆనించే కొయ్య కింద వేలు దూరేంత గుండ్రటి కన్నం కనపడింది.

"తుమ్మెద తొలిచింది ప్రభూ" అన్నాడు మల్లోజు.

ఆస్థాన పండితుడు శేషావధాని పకపకా నవ్వాడు. "తుమ్మెద ఉండేది తామరపువ్వులోరా. ఏ గ్రంథం తిప్పినా అంతే. ఇంత గుండ్రటి కన్నం వడ్రంగి బర్మా పెట్టి తొలిస్తే తప్ప పడదు. రాచపీఠానికి కీడు తలపెట్టావు."

రాజు మల్లోజును చెరలో వేయించాడు. నాలుగో రోజున అతని కుడిచెయ్యి తీసెయ్యాలని తీర్పిచ్చాడు.

మల్లోజు తల్లి కొండమ్మ వచ్చి కొలువుకూటం గడప దగ్గర కూర్చుంది. మూడు రోజులు ఆమెను ఎవరూ లోపలికి రానివ్వలేదు. ఆమె ఏడవలేదు. ఏడిస్తే చూపు మసకేస్తుంది, ఆమెకు చూపుతో పనుంది. అవతల ఖాళీగా ఉన్న సింహాసనాన్నే చూస్తూ కూర్చుంది.

నాలుగో రోజు రాజే పిలిపించాడు.

"ఏమమ్మా, నా గడపకు కాపలా కాస్తున్నావా?"

"లేదు ప్రభూ. మీ సింహాసనంలో కాపురమున్నదాన్ని చూస్తున్నాను."

ఆమె మూలనున్న చీపురు నుంచి ఓ ఈనె లాగి కన్నంలోకి తోసింది. వేలి కణుపంత దూరి ఆగిపోయింది.

"అంతేగా" అన్నాడు అవధాని.

ఆమె ఈనె కొసను తడిపి కాస్త వంచి మళ్లీ తోసింది. ఈసారి అది లోపల పక్కకు తిరిగి జానెడు పోయింది.

"బర్మా తిన్నగానే పోతుంది ప్రభూ. లోపలికెళ్లి మలుపు తిరగదు. తిప్పగల వడ్రంగి మీ దేశంలో ఉంటే పిలిపించండి. అప్పుడు నా కొడుకు చెయ్యి తీద్దురుగాని."



"అలాంటి పురుగు ఏ గ్రంథంలోనూ లేదు" అన్నాడు అవధాని.

"అయితే కొత్తదే అయ్యుంటుంది బాబూ. పేరు కూడా ఉండదు."

రాజు ఉలిక్కిపడి లేచాడు. "పేరు లేదా? నా పేరు పెట్టండి."

"పెట్టాలంటే చూడాలి. చూడాలంటే సింహాసనం చీల్చాలి."

రాజు ఆ కొయ్యవైపు, ఆమెవైపు మార్చి మార్చి చూశాడు. "చీల్చండి."

మల్లోజును సంకెళ్లతోనే తెచ్చారు. అతను ఉలి పెట్టి కొయ్యను పొడుగునా విప్పాడు.

లోపల వేలంత దారి, నున్నగా చిత్రిక పట్టినట్టు ఉంది. దాని పొడుగునా గదులు. గదికీ గదికీ నడుమ రంపప్పొట్టు అదిమి కట్టిన గోడ. ప్రతి గదిలో పసుప్పచ్చటి పుప్పొడి ముద్ద, దాని మీద బియ్యపు గింజలా ఒకే ఒక్క గుడ్డు. చివరి గది ఇంకా పూర్తికాలేదు. అందులో నల్లటి తుమ్మెద ఉంది. మెడ చుట్టూ బూడిదరంగు పట్టీ, నెమలికంఠం రంగు రెక్కలు. ఇంత వెలుతురు మీద పడ్డా అది ఎగిరిపోలేదు. గుడ్లకు అడ్డంగా నిలబడింది.

రాజు కిరీటం తీసి పక్కన పెట్టి, వంగి చూశాడు. కొండమ్మ చేతులు జోడించింది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

ఈలోగా అవధాని తాటాకు మీద గబగబా గీశాడు. "ఉద్దండభ్రమరం. మహావీరుడు. గృహనిర్మాత. ద్వారాన నిలిచి శత్రువులను చెండాడువాడు."

"నాలాగే ఉంది" అన్నాడు రాజు. "ఏమమ్మా, తప్పుందా?"

కొండమ్మ గుమ్మం దగ్గర గిరికీలు కొడుతున్న ఇంకో తుమ్మెదను, పసుప్పచ్చటిదాన్ని, గుప్పిట పట్టి తెచ్చింది.

"చెయ్యి పట్టండి ప్రభూ."

అవధాని నాలుగడుగులు వెనక్కి వేశాడు. రాజు చెయ్యి చాచాడు. ఆమె అందించిన తుమ్మెద ఆయన గుప్పిట్లో రొద పెట్టింది, అదిరింది. కుట్టలేదు.

"ఇది మగది. మూడు రోజులుగా చూస్తున్నా. పొద్దస్తమానం వాకిట్లో వచ్చేపోయేవాళ్ల మొహాల మీదికి ఎగబడుతుంది. చప్పుడే కానీ కొండి లేదు. కొయ్య తొలిచేదీ, ముద్ద చేసేదీ, గోడ కట్టేదీ ఆ నల్లటి తల్లి. ఏలినవారి పేరు దేనికి పెట్టమంటారు?"

రాజు ఏమంటాడోనని పక్కనున్న మంత్రి కళ్లు మూసుకున్నాడు. రాజు గుప్పిట విప్పాడు. పచ్చది రొద చేసుకుంటూ మళ్లీ గుమ్మం కాయడానికి పోయింది. దాన్ని చూసి రాజుకు నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగక, కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వాడు.

"అవధానీ, ఆ ఆకు చింపెయ్. ఈవిడ చూసింది చూసినట్టు రాయి."

"మరి పేరు ప్రభూ?"

"పేరుకేం తొందర. ముందు అది చేసే పని రాయి."

రాజు కొయ్యను మళ్లీ మూయించి, తన నడుముకున్న పట్టుబట్టతోనే కట్టించాడు. పిల్లలు ఎగిరిపోయేదాకా సింహాసనం ఆ తల్లి తుమ్మెదదే అన్నాడు. మల్లోజు సంకెళ్లు తీయించి, కుడిచేతికి బంగారు కడియం తొడిగాడు.

ఆ చేతిని కొండమ్మ పట్టుకుంది. కోట దాటినా, అంగడివీధి దాటినా వదల్లేదు.

"అమ్మా, జనం చూస్తున్నారే" అన్నాడు ముప్పయ్యేళ్ల మల్లోజు.

"చూడనీ" అంది.