ఉప్పుమళ్ళలో మూడో పిలుపు

అనగనగా అంటున్నాను, ఊఁ కొట్టండి మరి. సముద్రం పక్కన ఉప్పుమళ్ళు. ఆ మళ్ళన్నీ నాగిసెట్టి అనే వర్తకుడివి. అతనికి సిరి ఎంత ఉందో, గర్వం దానికి రెట్టింపు. అన్నం వేళ అయిందంటే, ఎవరైనా ఆకలంటూ వస్తారేమోనని ముందు వీధి తలుపు గడియ పెట్టించేవాడు.

ఒకనాటి ఉదయం అతను మళ్ళు చూడబోతుంటే, ఉప్పు తీసే నూకయ్య చేతులు కట్టుకుని అన్నాడు.

"మంచు దిగతాంది బాబూ. దారి నాను సూపిత్తాను."

"నా మళ్ళకి నువ్వు దారి చూపేదేమిటి?" అని కసిరి, సెట్టి ఒక్కడే గట్టు ఎక్కాడు.

నాలుగడుగులు వేశాడో లేదో, మంచు కమ్మేసింది. గట్టు కనపడలేదు, కాళ్ళూ కనపడలేదు. ఎంత తిరిగినా దారి దొరకలేదు. పక్కన ఎవరివో అడుగుల చప్పుడు. చూస్తే బూడిద రంగు మనుషులు. వాళ్ళకు ముఖాలు లేవు.

"మేమూ తలుపులు మూసుకుని తిన్నవాళ్ళమే. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా నీకు గుమ్మం దొరక్కపోతే, నువ్వూ మాలో ఒకడివే" అన్నారు.

ఉప్పుమళ్ళ వాళ్ళకి ఒక ఆచారం ఉంది. గంజి తాగే ముందు గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలుస్తారు. అదిగో, దూరాన ఒక ముసలి గొంతు.

"ఆకలైనోళ్ళు ఎవులైనా ఉన్నారా? రండి, గంజుంది!"

"నేను నాగిసెట్టిని! వచ్చి తీసుకుపో!" అని సెట్టి అరిచాడు. అరుపు మంచులోనే ఇంకిపోయింది.

రెండో పిలుపు వినపడింది. "అడిగినంత బంగారం ఇస్తాను, రా!" అన్నాడు. ఎవరూ రాలేదు. బూడిద మనుషులు మాత్రం దగ్గరికి జరిగారు. అతని వేళ్ళు అప్పుడే బూడిద రంగుకు తిరుగుతున్నాయి.

మూడో పిలుపు. ఇక నాలుగోది ఉండదు. సెట్టి మోకాళ్ళ మీద కూలబడి, "అమ్మా, ఆకలి" అన్నాడు.

అంతే, ఎదురుగా గుడిసె గుమ్మం. పిలిచింది నూకయ్య భార్య పోలమ్మ. లోపల ఇద్దరికే చాలని గంజిని అప్పటికే మూడు కొబ్బరి చిప్పల్లో పోసి ఉంచారు.

"నేను వస్తానని మీకెలా తెలుసు?"

"మాకేటి తెల్సు బాబూ! రోజూ మూడు సిప్పలే పోత్తాం. వచ్చినోళ్ళు తాగుతారు" అంది పోలమ్మ.

"నూకయ్యా, పొద్దున నేనన్న మాట..."

"ముందు ఆకలి సంగతి సూడండి బాబూ. ఏడిగా తాగండి" అన్నాడు నూకయ్య. సెట్టి తల వంచి చిప్ప అందుకున్నాడు.

చిప్ప నోటిదాకా వచ్చింది. అప్పుడే గుమ్మం బయట, వణుకుతూ ఒక గొంతు: "అమ్మా, ఆకలి."

పోలమ్మ తన చిప్ప పట్టుకుని లేవబోయింది. "కూర్చో తల్లీ" అని సెట్టి తన చిప్పతో లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. మంచులోంచి ఒక బూడిద చెయ్యి వచ్చి చిప్ప అందుకుంది. గుటక గుటకకీ ఆ చేతికి రక్తం పట్టింది. లేని ముఖంలో కళ్ళు మొలిచాయి. ఆ కళ్ళ నిండా నీళ్ళు. సెట్టి వేళ్ళకీ బూడిద రంగు వదిలింది.

ఆ పూట నాగిసెట్టికి మెతుకు మిగల్లేదు. అయినా అతనికి కడుపు నిండినట్టు అనిపించడం పుట్టాక అదే మొదటిసారి.

కలిగినవాడు మిగిలింది ఇస్తాడు, లేనివాడు ఉన్నది ఇస్తాడు. ఆ లేనివాడి ముందు తల వంచినవాడే పెట్టడం నేర్చుకుంటాడు.